బడి గేటు ముందు యాభై మీటర్లు ఎవరివి?



ఈసారి కాలవ నీళ్ళ గురించో, ధాన్యం డబ్బుల గురించో రాయడం లేదు. బడి గేటు గురించి రాస్తున్నాను. పోస్టు పొడుగే. తీరిక లేనివాళ్ళకి సంగతి ముందే చెప్పేస్తాను. బడి గేటు నుంచి ఏ వైపు కొలిచినా 50 మీటర్ల లోపు, కొవ్వు, పంచదార, ఉప్పు మోతాదు మించిన తిండి గానీ తాగేవి గానీ బడి పిల్లలకి అమ్మకూడదని ఈ దేశంలో నిబంధన ఉంది. నిన్న మొన్నటిది కాదు. 2020 సెప్టెంబరులో గెజిట్‌లో వచ్చింది. 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చినట్టు లెక్క. మీ ఊళ్ళో అది అమలవడం మీరెప్పుడైనా చూశారా? నేనైతే చూడలేదు.

రెండో మాట. అమలు చేయడం అంటే గేటు దగ్గర బండివాళ్ళని తరిమేయడం అనుకునేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. బండి అక్కడే ఉండాలి. బండి మీద సరుకు మారాలి. అది పోలీసు లాఠీతో అయ్యే పని కాదు, మనం పూనుకుంటేనే అవుతుంది. ఇక వివరంగా చదవండి.

ముందు ఈ యాభై మీటర్లు ఎంతో చూద్దాం. మనం రైతులం కాబట్టి మన కొలతలోనే చెప్పుకుందాం. ఎకరం నేల నలుచదరంగా ఉంటే ఒక్కో గట్టు సుమారు 64 మీటర్లు. అంటే ఈ నిబంధన మొత్తం మనకున్న ఒక ఎకరం చేను గట్టంత పొడవు కూడా లేదు. మామూలుగా నడిచే మనిషికి అరవై అయిదు, డెబ్బై అంగలు. ఆ డెబ్బై అంగల్లో మా చుట్టుపక్కల ఏ బడి ముందైనా ఏం కనిపిస్తుందో మీకు తెలుసు. బడ్డీ కొట్టు ముందు తోరణాల్లా వేలాడే అయిదు రూపాయల ప్యాకెట్లు. పది రూపాయల రంగు నీళ్ళ సీసాలు. కొట్టు నెత్తిన కూల్‌డ్రింక్ కంపెనీ వేయించిన పేరు బోర్డు, అందులో కొట్టు పేరు మూల నాలుగు అక్షరాలు, కంపెనీ పేరు మిగతా అంతా. గమ్మత్తేమిటంటే అదే నిబంధనలో అలాంటి తిండికి ప్రకటనలు కూడా ఆ యాభై మీటర్లలో ఉండకూడదని రాసుంది. అమ్మకమూ ఉంది, ప్రకటనా ఉంది. నిబంధన ఒక్కటే కనపడదు.

ఇది ఊరికే ఎవరికో తోచి రాసిన కాగితం కూడా కాదండీ. 2010లో ఢిల్లీ హైకోర్టులో ఒక స్వచ్ఛంద సంస్థ కేసు వేసింది, బడుల దగ్గర ఈ చెత్త తిండి అమ్మకం ఆపించమని. అది అయిదేళ్ళు నడిచి 2015లో కోర్టు చెప్పాక కేంద్రం ఆహార భద్రత సంస్థ, అదే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, నిబంధనలు రాయడం మొదలెట్టింది. చిత్తుప్రతులు, అభ్యంతరాలు, మళ్ళీ చిత్తుప్రతులు అయ్యాక 2020కి తేలింది. పదేళ్ళు. కేసు వేసిననాడు ఒకటో తరగతిలో చేరిన పిల్ల, నిబంధన వచ్చేసరికి పదో తరగతి దాటిపోయింది. అంత కష్టపడి తెచ్చిన దాన్ని మనం అయిదేళ్ళుగా అటక మీద పెట్టాం.

*

ఇప్పుడు గేటు లోపలికి రండి.

లోపల ప్రభుత్వం ఏం పెడుతోంది? మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర. వారంలో అయిదు రోజులు గుడ్డు. వేరుశనగ చిక్కీ. 2023 మార్చి నుంచి రాగి జావ. 2025 బడులు తెరిచాక సన్నబియ్యం కూడా ఇచ్చారు. 2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ మనావిడ. మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, గోదావరి దాటి వచ్చిన ప్రతి మనిషికీ వేళ కాని వేళ కూడా అన్నం పెట్టిన తల్లి. 1909లో పోయింది. నూరేళ్ళు దాటినా ఆవిడ పేరు చెబితే కోనసీమలో చెయ్యెత్తి దణ్ణం పెట్టేవాళ్ళున్నారు. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో కూడా ఆవిడ పేరు మీదే అన్నం పెడుతున్నారు.

బాగుంది. మరి ఆ అన్నం వదిలేసి, కంచం పక్కన పెట్టేసి, గేటు దగ్గరికి పరిగెత్తే పిల్లలు ఎంతమందో మధ్యాహ్నం పన్నెండున్నరకి ఒకసారి వెళ్ళి చూడండి. ఇంటర్వెల్లో రంగు నీళ్ళు తాగి, ప్యాకెట్ ఖాళీ చేసిన పిల్లాడికి మధ్యాహ్నం ఆకలి ఎక్కడ ఉంటుంది? ఒక పక్క మడికి నీళ్ళు పెడుతూ ఇంకో పక్క గట్టుకి గండి కొట్టినట్టుంది మన వ్యవహారం. లోపల పెట్టే గుడ్డూ మన డబ్బే, బయట తినే ప్యాకెట్టూ మన డబ్బే.

ఈ భోజనం పథకం కూడా ఊరికే రాలేదు, గుర్తుందా? 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడి పిల్లలకి వండిన అన్నమే పెట్టాలి, బియ్యం కొలిచి ఇచ్చి పంపేయడం కుదరదు అంది. మన ఉమ్మడి రాష్ట్రంలో అది మొదలయ్యేసరికి 2003 జనవరి. జనం అడిగారు, పత్రికలు రాశాయి, కోర్టు వదల్లేదు. కాగితం మీది అన్నం కంచంలోకి వచ్చింది. గేటు బయటి కాగితం గురించి మనం అడగలేదు. అందుకే అది కాగితంగానే ఉంది.

*

సరే, ఎవరు అమలు చేయాలి? ఇక్కడే అసలు మెలిక.

నిబంధన ప్రకారం బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్లలోనూ ఇలాంటివి అమ్మకుండా చూసుకోవాల్సింది బడి యాజమాన్యం. గేటు లోపల సరే, హెడ్మాస్టరు గారి మాట నడుస్తుంది. గేటు బయట రోడ్డు ఆయనదా? రోడ్డు పంచాయతీది. లేదా ఆర్‌ అండ్‌ బీ వాళ్ళది. కొట్టు స్థలం ఎవరిదో ప్రైవేటుది. కొట్టువాడు "మాస్టారూ, మీ పని మీరు చూసుకోండి" అంటే ఆయన దగ్గర జవాబు లేదు. పంచాయతీని అడిగితే "అది ఫుడ్ సేఫ్టీ వాళ్ళ పనండీ" అంటారు. ఫుడ్ సేఫ్టీ అధికారి ప్రతి బడి గేటు దగ్గరా కాపలా కూర్చోలేడు. చివరికి తల్లిదండ్రుల్ని అడిగితే "బడివాళ్ళు చూసుకోవాలి కదా" అంటారు. చుట్టూ తిరిగి మళ్ళీ మాస్టారి దగ్గరికే వచ్చింది. నలుగురి చేను ఎవరూ దున్నరని ఊరికే అనలేదు.

ఇలాంటిది ముందొకటి చూశాం. 2003 పొగాకు చట్టం ప్రకారం బడికి వంద గజాల లోపు సిగరెట్లు, గుట్కాలు అమ్మకూడదు. గోడల మీద పసుపు రంగు వేసి రాశారు కూడా. ఆ గోడకి ఆనుకునే అమ్మే కొట్లు మీకూ తెలుసు, నాకూ తెలుసు. గోడ మీద రాతకి కాళ్ళూ చేతులూ ఉండవు. ఈ తిండి నిబంధనకి కూడా రేపు ఒక బోర్డు పెట్టి, ఫోటో తీసి, వాట్సాప్ గ్రూపులో పెట్టి "అమలైంది" అనేస్తారేమోనని నా భయం.

*

ఇప్పుడు కొంతమంది అడుగుతారు, అయిదు రూపాయల ప్యాకెట్ తింటే కొంపలేం మునుగుతాయి అని. మునిగే లెక్క చెబుతాను.

హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, ఎన్‌ఐఎన్ అంటారు. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకి పెట్టిన చిన్న విభాగం, 1958లో హైదరాబాదు వచ్చింది. వాళ్ళు 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకి 25 గ్రాములకి మించి పంచదార వద్దన్నారు. ఇప్పుడు కూల్‌డ్రింక్ సీసా తిప్పి వెనక చదవండి. చాలావాటి మీద 100 మిల్లీలీటర్లకి పంచదార పది గ్రాములు, పైన కొంచెం అని ఉంటుంది. 200 మిల్లీలీటర్ల చిన్న సీసా అంటే ఇరవై గ్రాములు దాటింది. నాలుగైదు చెంచాలు. ఆ ఒక్క సీసాతో రోజు కోటా అయిపోవచ్చింది. ఇంట్లో పొద్దున పాలల్లో వేసింది, సాయంత్రం బిస్కెట్లలో ఉన్నది లెక్కలోకి రాలేదు ఇంకా.

ఉప్పు సంగతి. ప్యాకెట్ మీద ఉప్పు అని రాయరు, సోడియం అని రాస్తారు. దాన్ని రెండున్నరతో గుణించుకోండి, అది ఉప్పు. ఈ ఒక్క గుణకారం మీ పిల్లలకి నేర్పండి, వాళ్ళే చదువుకుంటారు.

ఇదేదో పట్నం పిల్లల జబ్బు అనుకుంటున్నారేమో. 2016 నుంచి 2018 వరకూ కేంద్రం దేశమంతా పిల్లల పోషణ మీద సర్వే చేయించింది. పది నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లల్లో పదిమందికి ఒకరు షుగరు వ్యాధికి ముందు మెట్టు మీద ఉన్నారని తేలింది. మన ఊళ్ళో ఏ అరుగు మీద నలుగురు కూర్చున్నా ఇద్దరు షుగరు మాత్ర గురించే మాట్లాడతారు. ఆ మాటలు నలభై దాటాక మొదలయ్యేవి. ఇప్పుడు పిల్లల దాకా వచ్చాయి.

2025 మేలో సీబీఎస్‌ఈ వాళ్ళు తమ బడులన్నిటికీ ఉత్తరం రాశారు, షుగర్ బోర్డులు పెట్టమని. ఏ డ్రింకులో ఎన్ని చెంచాల పంచదార ఉందో పిల్లలకి కనపడేలా గోడకి పెట్టాలి. అందులోనే రాశారు: పిల్లలు తినే కేలరీల్లో అయిదు శాతం పంచదార నుంచి రావాల్సింది, నాలుగు నుంచి పదేళ్ళ వాళ్ళకి పదమూడు శాతం, పదకొండు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళకి పదిహేను శాతం వస్తోందని. మంచి పనే. కానీ మన పల్లెల్లో ఎక్కువ పిల్లలు చదివేది రాష్ట్ర సిలబస్ బడుల్లో. ఆ ఉత్తరం వాళ్ళకి రాలేదు. పంచదార మాత్రం సిలబస్ చూసి రాదు కదా.

ఇంకో సంగతి చెప్పాలి. పట్టుబడితే ఏమవుతుందో చూపించిన మనిషి మన తెలుగావిడే. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు. విరేచనాలైన పిల్లలకి ఇచ్చే ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకుని పండ్ల రుచి డబ్బాలు మందుల షాపుల్లో అమ్మేవారు. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరు నీళ్ళకి గ్లూకోజు పదమూడున్నర గ్రాములు. ఆ డబ్బాల్లో లీటరుకి వంద గ్రాముల పైనే పంచదార. విరేచనాలప్పుడు అంత తీపి పడితే జబ్బు ముదురుతుంది. ఆవిడ ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాశారు, వీడియోలు పెట్టారు, తెలంగాణ హైకోర్టుకి వెళ్ళారు. 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దిగొచ్చి, తాగే వాటి పేరులో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఒక్క మనిషి, పెద్ద పెద్ద కంపెనీల మీద. మన పక్కన ఊరంతా ఉండి బడ్డీ కొట్టు దగ్గర మనవల్ల కాదంటే ఏమనుకోవాలి?

*

ఇక నేను తరచుగా వినే మాటలకి జవాబులు.

"మా చిన్నప్పుడు మేం తినలేదా?" తిన్నామండీ. జీళ్ళు తిన్నాం, నిమ్మతొనలు తిన్నాం, రంగు ఐసు చీకి నాలిక ఎర్రగా చేసుకున్నాం. పాత రోజులన్నీ బంగారం అని నేననను. కానీ మన చేతికి పావలా ఎప్పుడో తీర్థానికో పండక్కో వచ్చేది. మిగతా రోజుల్లో రేగిపళ్ళు, చింతకాయ, జామకాయ, తేగలు, కాలవ గట్టున ఈత. ఇప్పుడు ప్రతిరోజూ పది రూపాయలు, ఈతలేదు, బడికి వ్యాను, ఇంటికొస్తే ఫోను. తీర్థం రోజు తిండిని రోజూ తిండి చేశాం. తేడా అక్కడుంది.

"పేదవాడి పొట్ట కొడతారా?" కొట్టకూడదు. అందుకే బండి ఉండాలి అంటున్నాను. గేటు దగ్గర అమ్ముకునేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, భర్త పోయినవాళ్ళు, పొలం లేనివాళ్ళు. ఒకరోజు అధికారులు వచ్చి బండి లాక్కుపోతే పేపర్లో ఫోటో పడుతుంది, నెల తర్వాత అదే ప్యాకెట్లు యాభై ఒకటో మీటరులో వేలాడతాయి. పిల్లాడికి ఒక అంగ ఎక్కువ నడక, అంతే.

"బెల్లంతో చేసినవైతే మంచివేగా?" ఈ మాట మనవాళ్ళే ఎక్కువ అంటారు. బెల్లం కూడా తీపే. సున్నుండలో మినుములు, నెయ్యి ఉన్నాయి కాబట్టి ఒకటి తింటే బలం. నాలుగు తింటే అదీ పంచదార లెక్కే. జంతికలు మన వంటే, అయినా మరిగి మరిగి నల్లబడ్డ నూనెలో వేయిస్తే విషమే. మనదా పరాయిదా అని కాదు, ఎంత తీపి, ఎంత ఉప్పు, ఏ నూనె అనేదే కొలత. నిబంధన మిరపకాయ బజ్జీకీ వర్తించాలి, చిప్స్ ప్యాకెట్‌కీ వర్తించాలి.

"అదంతా ఫారిన్ గొడవ." ఫారిన్ వాళ్ళు చేశారు, మనం చేయలేదు. చిలీ దేశంలో 2016 నుంచి తీపీ ఉప్పూ ఎక్కువున్న ప్యాకెట్ మీద నల్ల ముద్ర వేస్తారు, ఆ ముద్ర ఉన్నది బడిలో అమ్మకూడదు. మెక్సికోలో కూల్‌డ్రింకులు మంచినీళ్ళలా తాగే దేశం, అక్కడ కూడా 2025 మార్చి 29 నుంచి బడుల్లో చెత్త తిండి అమ్మకం ఆపేశారు. వాళ్ళ కంపెనీలు మన కంపెనీలకంటే చిన్నవేం కాదు.

*

అసలు ప్యాకెట్టే ఎందుకు గెలుస్తోంది? దీనికి జవాబు పుస్తకంలో దొరకలేదు. మా బజారులో బడ్డీ కొట్టు నడిపే ఒకావిడని అడిగితే చెప్పింది. "అన్నయ్యగారూ, అరటిపండు ఇవాళ అమ్మకపోతే రేపు మచ్చ, ఎల్లుండి పారేయాలి. ప్యాకెట్టు మూడు నెలలు వేలాడినా నన్నేమీ అనదు. అమ్మకపోతే వ్యాను అబ్బాయి తిరిగి పట్టుకెళ్తాడు. ఫ్రిజ్జు కంపెనీదే, అందులో వాళ్ళ సరుకే పెట్టాలంటాడు. మీ అరటిపండు వాళ్ళు నాకేం ఇచ్చారు?"

ఆవిడ మాటలో తప్పేం కనిపించలేదు నాకు. కంపెనీ ఆవిడ నష్టాన్ని తన నెత్తిన వేసుకుంది. గుమ్మం దగ్గరికి సరుకు తెచ్చింది, పాతది మార్చింది, పెట్టె ఇచ్చింది. మనం ఏం చేశాం? రావులపాలెం మార్కెట్‌కి గెలలు తోలి, ధర లేదని ఏడ్చి, ఆవిడ కొట్టు ముందు ఆగి మన మనవడికి ప్యాకెట్ కొన్నాం.

ఒక లెక్క వేసుకోండి. మూడొందల మంది పిల్లల బడి. సగం మంది రోజుకి పది రూపాయలు ఖర్చు పెడితే పదిహేను వందలు. బడి 220 రోజులు. సంవత్సరానికి మూడు లక్షల ముప్పై వేలు. 2025-26లో మామూలు రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాకి 2,369 రూపాయలు. ఎకరానికి 75 కిలోల బస్తాలు ముప్పై పండితే, పూర్తి మద్దతు ధరే చేతికొచ్చిందనుకున్నా యాభై మూడు వేల చిల్లర. అంటే ఆరెకరాల సార్వా పంట మొత్తం, ఒక్క చిన్న బడి గేటు దగ్గర ప్యాకెట్లలో పోతోంది. అందులో కొట్టావిడకి మిగిలేది పదీ పరకా. మిగతాది ఊరు దాటిపోతుంది. ఊరికి మిగిలేవి మురిక్కాలవలో ప్లాస్టిక్కు, ఇంట్లో పుచ్చిన పళ్ళు.

అందుకే నేను అనేది: కంపెనీ చేసిన పనులే మనం చేయాలి. గుమ్మానికి సరుకు, మిగిలింది వెనక్కి, నష్టం ఆవిడ మీద పడకూడదు. పనులు ఇలా అనుకుంటున్నాను. తప్పులుంటే కింద రాయండి.

1. ముందు కొలత. బడి తల్లిదండ్రుల కమిటీ వాళ్ళు టేపు పట్టుకుని గేటు నుంచి నాలుగు వైపులా యాభై మీటర్లు కొలిచి రోడ్డు మీద సున్నం గీత వేయాలి. కంటికి కనపడని హద్దు హద్దు కాదు. పొలం గట్టుకైనా అంతే.

2. పంచాయతీ తీర్మానం. రోడ్డు మీద అధికారం మాస్టారికి లేదు, పంచాయతీకి ఉంది. గ్రామసభలో తీర్మానం రాయించి, దాని కాపీ బడికీ, ఫుడ్ సేఫ్టీ వాళ్ళకీ పంపాలి. తీర్మానంలో "బండ్లు తీసేయాలి" అని రాయొద్దు. "గీత లోపల ఈ సరుకు అమ్మాలి, ఈ సరుకు అమ్మకూడదు" అని పేర్లు రాయండి.

3. ఇప్పుడు అమ్ముతున్నవాళ్ళకే మొదటి అవకాశం. వాళ్ళు వద్దంటే డ్వాక్రా సంఘానికి. కొత్తవాళ్ళని తెచ్చి పాతవాళ్ళ నోట్లో మట్టి కొట్టొద్దు.

4. సరుకు. మన డెల్టాలో ఏం తక్కువ? చక్కెరకేళి, కర్పూరం అరటిపళ్ళు. ఉడకబెట్టిన వేరుశనగకాయలు. శనగ గుగ్గిళ్ళు. దాళ్వా బదులు వేసే పెసలతో మొలకలు, నిమ్మకాయ పిండి. మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా. కాలాన్ని బట్టి జామకాయ, తేగలు, ముంజలు. తాగడానికి పల్చటి మజ్జిగ. కొబ్బరి బొండాం పెట్టమని చాలామంది అంటారు, నాకూ కొబ్బరి చెట్లున్నాయి, నేనూ అనాలి. కానీ బొండాం ధర పిల్లాడి పది రూపాయలకి అందదు. అందని దాన్ని చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం దేనికి? పది రూపాయల లోపు వచ్చేవే చెప్పుకుందాం.

5. మిగిలిన సరుకు బాధ్యత ఇచ్చిన రైతుది. అరటిపళ్ళు మిగిలితే సాయంత్రం నేను వెనక్కి తీసుకుంటాను, గేదెలు తింటాయి. పది మంది రైతులం వంతులు వేసుకుంటే ఒక్కొక్కరికి వారంలో ఒక అరగంట పని. ధాన్యం తేమ శాతానికి రోజులు రోజులు కళ్ళంలో పడిగాపులు కాసే మనకి ఇదొక పనా?

6. మంచినీళ్ళు. బడిలో పంపు పాడై, ఫిల్టరు మూలన పడి ఉంటే పిల్లాడు సీసానే కొంటాడు. వేసవిలో మన రాష్ట్రంలో నీళ్ళ బెల్లు కొట్టించారు, పిల్లలు లేచి నీళ్ళు తాగడానికి. బెల్లు ఏడాదంతా కొట్టండి, కొట్టేముందు పంపు తిప్పి చూడండి. డ్రింకుల మీద ఏ నియమమైనా మంచినీళ్ళ పంపు దగ్గరే మొదలవ్వాలి.

7. ప్రైవేటు బడులు. వాటికి గేటు లోపలే క్యాంటీన్ ఉంటుంది. బడి తనే తిండి అమ్మినా, వండించి పెట్టినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఫీజు కట్టేటప్పుడు ఆ కాగితం చూపించమని అడగండి. వేలకి వేలు కడుతున్నాం, ఒక కాగితం చూడమంటే తప్పేం లేదు.

8. ఇల్లు. పొద్దున పిల్ల చేతిలో పది కాగితం పెట్టి పంపి, సాయంత్రం కొట్టువాణ్ణి తిట్టొద్దు. ఆ కాగితం పెట్టే చేత్తోనే రెండు అరటిపళ్ళు పెట్టండి. పుట్టినరోజుకి క్లాసంతా చాక్లెట్లు పంచడం కూడా ఒకసారి ఆలోచించండి. నలభై మంది ఉన్న క్లాసులో ఏడాదికి నలభై పుట్టినరోజులు.

*

ప్రభుత్వానికి కూడా ఒక మాట. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మార్చినప్పుడు తీపి గ్యాసు డ్రింకుల మీద నలభై శాతం పెట్టారు. బాగుంది. అదే రోజు చాక్లెట్లు, బిస్కెట్ల మీద పద్దెనిమిది నుంచి అయిదుకి దించారు. ఒక చేత్తో చెంప మీద కొట్టి, రెండో చేత్తో చాక్లెట్టు ఇచ్చినట్టుంది. ఆ నలభై శాతంలో ఒక పైసా అయినా బడి దగ్గర మజ్జిగ కుండకి రావాలని అడిగే ఎమ్మెల్యే ఒకరుంటే చెప్పండి, ఏ పార్టీ అయినా సరే, నేను దండ పట్టుకుని వస్తాను.

కొంతమంది మిత్రులు అంటారు, "రైతువి కాబట్టి నీ అరటిపళ్ళు అమ్ముకోడానికి రాస్తున్నావు" అని. నా కమతం ఎంతో ఊళ్ళో అందరికీ తెలుసు. మూడొందల మంది పిల్లల అరటిపళ్ళతో నేను మేడ కట్టలేను. అయినా అడుగుతున్నాను, ఊళ్ళో పండింది ఊళ్ళో పిల్లలు తింటే అందులో రైతుకి నాలుగు రూపాయలు రావడం నేరమా? వాళ్ళు పదహారు వందల కిలోమీటర్ల అవతల కంపెనీకి ఇచ్చినా తప్పు లేదు గానీ, పక్క వీధి వాడికి ఇస్తే స్వార్థమా?

ఇంకొకటి. భీమేశ్వరుడి గుడికి కార్తీకంలో ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వచ్చినవాళ్ళకి మనం అన్నదానం చేస్తాం, మజ్జిగ చలివేంద్రాలు పెడతాం, పేర్లు మైకులో చదివిస్తాం. చాలా మంచిది. అదే మజ్జిగ కుండ, అదే చెయ్యి, బడి రోజుల్లో ఇంటర్వెల్లు పావుగంట గేటు దగ్గర ఉండలేదా? మైకు లేకపోయినా?

నేను ముందు అనుకున్నది ఇది. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ఈ మొదటి రెండు పనులు, గీత, తీర్మానం, పెట్టమని అడుగుతాను. అరటిపళ్ళు మొదటి నెల నా వంతు. మా ఊరివాళ్ళలో ఇంకో తొమ్మిది మంది కావాలి, కింద పేరు రాయండి, లేదా పొద్దున్న టీ కొట్టు దగ్గర చెప్పండి.

వేరే ఊళ్ళవాళ్ళు ఈ పోస్టు షేర్ చేయకపోయినా నాకేం ఇబ్బంది లేదు. రేపు బడి టైముకి మీ ఊరి బడి గేటు దగ్గరికి వెళ్ళండి. గేటుకి వీపు పెట్టి నిలబడి డెబ్బై అంగలు వేయండి. దారిలో పిల్లలకి ఏమేం అమ్ముతున్నారో ఒక్కొక్కటీ కాగితం మీద రాయండి. ఆ కాగితం కింద కామెంట్లో ఫోటో పెట్టండి, కొట్టు పేర్లూ మనుషుల పేర్లూ వద్దు, సరుకు పేర్లు చాలు. పది ఊళ్ళ కాగితాలు పోగైతే, అవి పట్టుకుని కలెక్టరాఫీసులో సోమవారం అర్జీల రోజున నేనే వెళ్తాను. వచ్చేవాళ్ళు రండి.